పాలకేంద్రములలో పని, దాని ప్రతిఫలము

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ సభలో ఏదేని కావ్యమును గూర్చి మాటలాడుమని కార్యనిర్వాహకులు మొదట నన్ను కోరినారు. పోతనగారి అష్టమ స్కంధములోని క్షీరసాగర మథనము నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము. అయితే కొంతకాలముగా గ్రంథాలయమునకు వచ్చు యువకులు కొందరు నా బల్లయొద్ద నిలిచి, “పంతులుగారూ, డెయిరీలో పని ఉన్నదట, నెలకు ఎంత మిగులునో లెక్క చూచి చెప్పుదురా?” అని అడుగుచున్నారు. దేవదానవులు పాలసముద్రమును చిలికిన కథను ఎన్నిమారులైనను వినవచ్చును. మన గేదెల పాలను యంత్రములలో చిలుకు పిల్లలకు నెల మొదటి వారమున చేతికేమి వచ్చునో చెప్పిన ఉపన్యాసము మాత్రము నేనింతవరకు వినలేదు. పద్యము నాకు అభిమానము, లెక్క నాకు వృత్తి. ఈ దినము వృత్తి పక్షమున నిలిచెదను.

ఇది శాస్త్రములకెక్కని విషయమని ఎవరును అనుకొనరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము శతాబ్దములపాటు కనుమరుగై, 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయమున శామశాస్త్రిగారి చేతికి తాళపత్రరూపమున దొరకి, 1909లో అచ్చయినది. శామశాస్త్రిగారు ఆ గ్రంథాలయమున పనిచేయువారే. గ్రంథాలయోత్సవమున ఈ మాట చెప్పుట నాకు సంతోషముగా నున్నది. అందు రెండవ అధికరణమున రాజుగారి గోవులను చూచు అధికారి విధులు చెప్పుచు కౌటిల్యుడు ఒక చిత్రమైన నియమము పెట్టినాడు. ఆవుల కాపరి, గేదెల కాపరి, పాలు పితుకువాడు, చిలుకువాడు, మృగముల బారినుండి కాచు వేటకాడు, వీరందరు నూరేసి పశువుల మందను రొక్కపు జీతముమీదనే చూడవలెనట. జీతముగా పాలో నెయ్యో ఇచ్చినచో వారు దూడల కడుపు మాడ్చెదరని కారణము గూడ చెప్పినాడు. జీతము ఇచ్చు పద్ధతిని బట్టియే పని జరుగు తీరు ఉండునని ఆ మహానుభావుడు ఎరుగును.

మూడవ అధికరణమున మరియొక మాట కలదు. జీతమెంతయో ముందుగా మాటలాడుకొనకుండ పనిలో చేరిన గోపాలకునికి నేతిలో పదియవ వంతు ఇవ్వవలెను. మాటలాడుకొనని జీతమునకు సైతము శాస్త్రము ఒక హద్దు గీచినదన్నమాట. మన పిల్లలు “పదునైదు వేలిస్తామన్నారు” అను మాట పట్టుకొని పోవుచున్నారు. ఆ పదునైదువేలలో ఏమున్నది, ఏమి పోవును, ఏమి కలియును అని అడుగువారు అరుదు.

ఇక మన ఊరి సంగతి. పెందుర్తి నేడు విశాఖ నగరములో భాగము. అయినను మన వెనుక కొత్తవలస, సబ్బవరము దారులలోని పల్లెలలో పాడి ఇంకను నిలిచియున్నది. నా చిన్నతనమున పాలవారు సైకిలుకు కేనులు తగిలించి నగరములో ఇల్లిల్లు తిరిగి పోయువారు. ఆ వ్యాపారమున కొలత అంతయు చెంబుమీద, నమ్మకముమీద నడచెడిది. నమ్మకము ఎక్కువైనప్పుడు నీరు గూడ ఎక్కువగుచుండెడిది. మన రాష్ట్రమున 1960లో యూనిసెఫ్ సహాయముతో సమగ్ర పాలపథకము ఆరంభమైనది. 1969లో విజయవాడ పాలకర్మాగారము వెలసినది. 1974లో పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, 1981లో సహకార సమాఖ్య ఏర్పడినవి. గుజరాతులో 1946లో కైరా జిల్లా రైతులు పెట్టుకొన్న సంఘమే, అనగా నేటి అమూలే, వీటికి ఆదర్శము. మన ప్రాంతమున విశాఖ డెయిరీ మొదట సహకార పద్ధతిని నడచి, 2006లో ఉత్పత్తిదారుల కంపెనీగా మారినది. దాని పెద్ద కర్మాగారము అక్కిరెడ్డిపాలెమున ఉన్నది. మన పిల్లలు గోపాలపట్నము, ఎన్.ఏ.డి. కూడలి మీదుగా గాజువాక దారి పట్టి పోవునది ఆ వైపునకే. ప్రైవేటు డెయిరీలకును, ఊళ్లలోని పాల శీతలీకరణ కేంద్రములకును పోవువారును కలరు.

లోపల జరుగు పని యేమి? సాయంకాలపు పాలు ట్యాంకరులలో చేరును. తూచి, మచ్చు తీసి పరీక్షించి, చల్లబరచి నిలువ చేయుదురు. పిదప పాశ్చరీకరణము, అనగా 72 డిగ్రీల వేడిలో 15 సెకండ్లు ఉంచి వెంటనే 4 డిగ్రీలకు చల్లార్చుట. వెన్న తీసియో కలిపియో ఒక పాటికి తెచ్చుదురు. టోన్డు పాలయందు నూటికి 3 వంతులు, ప్రమాణీకృత పాలయందు 4.5, నిండు మీగడ పాలయందు 6 వంతులు వెన్న ఉండవలెను. రాత్రి అంతయు సంచులు నింపు యంత్రములు ఆడును. తెల్లవారుజామున నాలుగు గంటలకు నగరములో మీ చుట్టముల గుమ్మము ముందు పడు సంచి, అర్ధరాత్రి మేలుకొన్నవాని చేతిమీదుగా వచ్చినదే. ఇది చెమట పని మాత్రమే కాదు, చలి పని గూడ. శీతల గదిలో పెట్టెలు దొంతులు పెట్టువాడు బయటి మే నెల ఎండకును లోపలి చలికిని మధ్య ఒక రాత్రిలో ముప్పదిమారులు తిరుగును. నేల ఎల్లప్పుడు తడి. గొట్టములు కడుగుటకు కాస్టిక్ సోడా, నత్రికామ్లము. చల్లదనము పుట్టించునది అమ్మోనియా, అది కారినచో కండ్లు, ఊపిరి మండును. పాలవంటి సాధుపదార్థము వెనుక ఇన్ని క్రూరద్రవ్యములున్నవని పాలు త్రాగువారికి తెలియదు.

అన్ని పనులకు ఒకే వెల లేదు. పెట్టెలు మోయువాడు, కడుగువాడు నైపుణ్యము లేని కూలీల తరగతిలో పడుదురు. సంచుల యంత్రమువద్ద చేయి అందించువాడు ఒక మెట్టు పైన. యంత్రము నడుపువాడు, విద్యుత్తు పనివాడు, శీతలయంత్రము చూచువాడు నిపుణులు. బాయిలరు నడుపువానికి ప్రభుత్వపరీక్షలో వచ్చిన ధ్రువపత్రము ఉండితీరవలెను. 1923 నాటి బాయిలర్ల చట్టము పోయి 2025లో క్రొత్తది వచ్చినను ఆ నియమము పోలేదు. ఆ కాగితము ఉన్నవానికి డెయిరీ కాకున్న మరియొక కర్మాగారము పిలిచి పని ఇచ్చును. పెట్టెలు మోయువానికి ఆ ధైర్యము లేదు. కంచరపాలెములోని ఐ.టి.ఐ.లో విద్యుత్తు పనిగాని శీతలయంత్రపు పనిగాని నేర్చి పోవువాడు, అట్టివేమియు లేక పోవువాడు, ఒకే దినమున ఒకే గేటులో చేరినను పదేండ్లకు ఒకే బల్లమీద కూర్చుండరు. ఇంటరులో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదివినవారికి తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయమువారి డెయిరీ టెక్నాలజీ కళాశాల కలదు. మన వైపునుండి ఆ చదువునకు పోవువారు నాకు అంతగా కనబడలేదు. ఇంజనీరింగు అనగానే కంప్యూటరు తప్ప మరియొకటి మనకు తోచుట లేదు.

ఇప్పుడు లెక్కకు వచ్చెదను. అంకెలు గుండ్రముగా నుండుటకు నెలజీతము 15,000 అని ఊహింతము. ఎవరి జీతమును ఇంతయని నేను చెప్పుట లేదు, ఇది పలకమీది లెక్క. ప్రావిడెంటు ఫండునకు నూటికి 12 చొప్పున 1,800 పోవును. ఇ.ఎస్.ఐ.కి 2019 జూలై నుండి కార్మికుని వంతు నూటికి ముప్పాతిక రూపాయి, అనగా 113. చేతికి వచ్చునది 13,087. ఇది చూచి మన పిల్లలు “పంతులుగారూ, రెండువేలు కోసివేసినారు” అని వచ్చి కూర్చుందురు. నాయనలారా, ఆ కాగితమును త్రిప్పి చూడుడు. యజమాని తన వంతుగా మరియొక 1,800 కట్టవలెను. అందు 1,250 పింఛనునకు, 550 మీ ఫండునకు చేరును. ఇ.ఎస్.ఐ.కి అతడు నూటికి 3.25, అనగా 488 కట్టవలెను. కోత కనబడుచున్నది గాని కూడిక కనబడుట లేదు. కోత లేకుండ 14,000 చేతిలో పెట్టెదనను కంట్రాక్టరు మీకు 913 ఎక్కువ ఇచ్చి, నెలకు మీ పేరిట చేరవలసిన 4,201 రూపాయలు చేరకుండ చేయుచున్నాడు. వేలు మడిచి లెక్కించుకొనుడు.

అదనపు గంటలది వేరు కథ. 15,000ను 26 దినములకు, దినమునకు 8 గంటలకు పంచిన గంటకు 72 రూపాయల 11 పైసలు. నిర్ణీతమైన గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వవలెనని 1948 నాటి కర్మాగారముల చట్టమును చెప్పినది, నేటి చట్టమును చెప్పుచున్నది. నెలకు 20 గంటలు అదనముగా పనిచేసినవానికి 2,884 రావలెను. ఒంటిరేటు కట్టి 1,442 ఇచ్చి “ఓవర్‌టైము ఇచ్చినాము” అన్నచో, సంవత్సరమునకు పోవునది 17,300 పైచిలుకు. ఒక నెల జీతముకంటె ఎక్కువ. పాలట్యాంకరు ఆలస్యమైన రాత్రులలో ఈ అదనపు గంటలు ఎట్లు పుట్టునో పనిచేయువారికి తెలియును. పండుగ ముందు దినములు చెప్పనక్కరలేదు.

గ్రాట్యుటీ అను మరియొకటి కలదు. పనిచేసిన ఒక్కొక్క సంవత్సరమునకు 15 దినముల జీతము, నెలను 26 దినములుగా భావించి. పదేండ్లు చేసినవానికి పై జీతముమీద 86,538 రూపాయలు. సాధారణముగా ఐదేండ్ల సేవ నిండవలెను. నాలుగేండ్ల పదినెలలకు పేరు కొట్టివేసి మరునాడు క్రొత్తపేరుతో చేర్చుకొను విద్య కంట్రాక్టరులలో కొందరికి కరతలామలకము.

ఇక్కడ నేను చూచిన ఒక సంగతి చెప్పవలెను. కర్మాగారము పేరు చెప్పను, అది మన సభకు అనవసరము. మా వీధి కుర్రవాడొకడు కంట్రాక్టరు క్రింద ఏడాదిన్నర పనిచేసినాడు. నెలనెల ఫండు పేరిట, ఇ.ఎస్.ఐ. పేరిట కోత జరిగినది. జీతపు చీటి ఎన్నడును ఇవ్వలేదు. ఒక రాత్రి తడి నేలమీద జారి మణికట్టు విరిగినది. మల్కాపురములోని ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి తీసికొనిపోగా అతని పేరిట నంబరే లేదు. అతని తల్లి చూలుతో నున్న గేదెను అమ్మి కట్టు కట్టించినది. ఆ నంబరు ఉన్నచో వైద్యము ఉచితముగా జరిగెడిది, పనికి పోలేని దినములకు జీతములో నూటికి 90 వంతులు వచ్చెడివి. ఆ గేదె కొట్టములో ఈని ఉండెడిది. పిదప అర్జీలు వ్రాసితిమి. కంట్రాక్టరు ఎగవేసినచో అసలు యజమానియే చెల్లించవలెనను నియమమును పట్టుకొని తిరుగగా, ఎనిమిది నెలలకు కోసిన సొమ్ము చేరినది. గేదె రాలేదు.

చట్టమున ఇప్పుడు మార్పు వచ్చినది. 1948 నాటి కనీస వేతన చట్టము, 1965 నాటి బోనసు చట్టము మొదలైన వాటిని కలిపి 2019లో చేసిన వేతన స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము జీతపు చీటి ఇవ్వవలెను. నెలజీతము మరుసటి నెల ఏడవ తేదీ దాటరాదు. పని మానినవానికి రెండు పనిదినములలో లెక్క తేల్చవలెను. మూలవేతనము తగ్గించి భత్యములు పెంచి ఫండు ఎగగొట్టు ఉపాయమునకు గూడ అడ్డు కట్టినారు. మొత్తములో భత్యములు సగము దాటినచో, దాటిన భాగమును జీతముగానే లెక్కింతురు. కాగితముమీద ఇవి అన్నియు బాగుగా నున్నవి. చీటి అడుగువాడు లేనిచో ఇచ్చువాడును ఉండడు.

ఇప్పుడు నా మనస్సులోని అసలు విషయమునకు వచ్చుచున్నాను. మన ఇండ్లలో తండ్రి పాలు పోయును, కొడుకు అవే పాలు సంచులలో నింపును. వార్షిక సభలో తండ్రి “పాలధర పెంచవలెను, ఖర్చులు తగ్గించవలెను” అని లేచి పలుకును. ఆ ఖర్చులలో ఒకటి కొడుకు జీతము. ఒకే కంచములో తినువారు ఇద్దరు, సభలో ఎదురెదురు పక్షములు. ఈ తగవు ఎంత పెద్దది? వినియోగదారుడిచ్చు రూపాయిలో ఎనుబది పైసలకు దగ్గరగా రైతుకే చేరునని అమూల్ వారు చెప్పుచుందురు. మిగిలిన ఇరువదిలోనే రవాణా, విద్యుత్తు, సంచులు, అమ్మకపు కమీషను, జీతములు అన్నియు. దినమునకు లక్ష లీటర్ల డెయిరీ ఒకటి ఊహింపుడు. అందు 200 మంది పనివారు. ఒక్కొక్కరికి నెలకు వేయి రూపాయలు పెంచినచో ఖర్చు 2 లక్షలు. నెలకు పాలు 30 లక్షల లీటర్లు. లీటరుకు పడు భారము ఏడు పైసలకు లోపే.

దీని ప్రక్కన మరియొక లెక్క పెట్టుడు. పాలకు వెన్నశాతమును బట్టి వెల కట్టుదురు. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకొందము. పరీక్షలో వెన్న 6.5కు బదులు 6.4 అని వ్రాసినచో, ఆ ఒక్క బిందువు తేడాకు కిలో పాలమీద 80 పైసలు పోవును. అనగా కొడుకు జీతపు పెంపువలన తండ్రికి పడు భారమునకు పన్నెండింతలు, ఒక గాజుగొట్టము నిర్లక్ష్యముగా చదువుటవలన పడును.

ఆ పరీక్ష ఎట్లు జరుగునో తెలిసినవారు మనలో తక్కువ. గెర్బరు పద్ధతిలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లము, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు గొట్టములో పోసి, యంత్రములో గిరగిర త్రిప్పి, 65 డిగ్రీల వేడినీట నిలిపి వెన్నగీత చదువుదురు. పాలు సరిగా కలుపకుండ మచ్చు తీసినను, పాలు ఒక చుక్క తక్కువ పోసినను గీత క్రిందికి దిగును. ఇప్పుడు ఊళ్లలో విద్యుత్తుతో నడచు యంత్రము ఒక నిమిషములో అంకె చూపుచున్నది. దానిని సరిచూచు పద్ధతి లేనిచో అదియు అబద్ధమాడును. కౌటిల్యుడు ద్రోణము ఆవుపాలకు ప్రస్థము నెయ్యి అన్నాడు. ద్రోణమునకు పదునారు ప్రస్థములు, అనగా నూటికి ఆరుంబాతిక. గేదెపాలకు అందులో ఐదవ వంతు అదనమన్నాడు. అంతటితో ఊరకుండక, మేతనుబట్టి నీటినిబట్టి మారును గనుక చిలికి చూచినదే ప్రమాణమన్నాడు. పాలను నీటినుండి వేరుచేయు హంసను కవులు శ్లాఘించిరి. మన సంఘమున ఆ హంస ఉద్యోగము చేయువానికి జీతమెంతయో ఏ కవియు వ్రాయలేదు. ఊరి పాలసంఘములో పరీక్ష చేయువాని ప్రతిఫలము సాధారణముగా సంఘమునకు మిగులుబడిని బట్టియో, లీటరునకింతయనియో ఉండును. లీటరును బట్టి ఇచ్చినచో వానికి పాలు ఎక్కువగుట ముఖ్యము, మంచివగుట కాదు. పాలే జీతముగా పొందిన గోపాలకుడు దూడను మరచుట ఇట్టిదే. వానికి నిలుకడగల రొక్కపు జీతము నిర్ణయించుడని పాలసంఘముల పెద్దలను ఈ సభాముఖమున కోరుచున్నాను. రైతు తన చీటిలో వెన్న, ఘనపదార్థముల అంకె చూచుకొనుట ఇరువదేండ్లలో నేర్చినాడు. వాని కొడుకు తన జీతపు చీటిని అట్లే చదువుకొనవలెను.

అమ్మల సంగతి చెప్పక ముగించరాదు. తెల్లవారుజామున లేచి కుడితి పెట్టి, పేడ తీసి, పాలు పితుకునది అమ్మ. సంఘపు పుస్తకములో పేరు, సంతకము నాన్నవి. ఈ పనికి హాజరుపట్టీయు లేదు, ఫండును లేదు. పాలడబ్బు అమ్మ ఖాతాలో పడునట్లు సభ్యత్వము ఆమె పేరిట వ్రాయించినచో డెయిరీవారికి పైసా ఖర్చు లేదు. పెరుగు, మిఠాయి విభాగములలో పనిచేయు ఆడువారికి అదే పనికి మగవారితో సమాన జీతము ఇవ్వవలెనని 1976లోనే చట్టమైనది. నేటి స్మృతిలోను ఆ మాట కలదు.

ఒక హెచ్చరిక. డెయిరీ పని పాలరాకతో ముడిపడియున్నది. శీతకాలమున పాలు పొంగును, పొడి, వెన్న చేసి దాచుదురు. వేసవిలో పాలు వట్టును. అప్పుడు మొదట ఇంటికి పంపబడునది కంట్రాక్టు మనిషియే. పాలు రానిచో శాశ్వతోద్యోగమైనను శాశ్వతము కాదు. చిత్తూరు సహకార డెయిరీ ఎంత పెద్దది! 2002లో మూతపడినది. అందుచేత వేసవి మూడు నెలలకు సరిపడు మొత్తము చేతనుంచుకొనక ఇంటి గేదెను అమ్మివేసి పనిలో చేరువారిని నేను వలదనియే చెప్పుదును. గేదె, ఉద్యోగము రెండును ఇంట నుండగలిగిన అది మేలు. మరి రాత్రిపాళీ చేసి వచ్చిన కుర్రవాడు ఉదయము గడ్డి కోయలేడు, ఆ గడ్డి బరువు మరల అమ్మ నెత్తికే చేరును. దీనికి నాయొద్ద లెక్క లేదు.

గ్రంథాలయమునకు వేతన స్మృతి తెలుగు ప్రతిని, కనీస వేతనముల పట్టికను తెప్పించుటకు కార్యదర్శిగారు అంగీకరించినారు. ఆ పట్టికలో కరువుభత్యము ఆరునెలలకొకమారు మారును గనుక పాతదానిని తీసివేసి క్రొత్తది అంటించు పూచీ నాది. ఆదివారము సాయంకాలము ఆరునుండి ఎనిమిది గంటలవరకు వార్తాపత్రికల బల్లయొద్ద నేనుందును. జీతపు చీటి ఉన్నవారు చీటితో రండు. లేనివారు ఫండు నంబరుతో రండు, ఫోనులోనే ఖాతా తెరచి చూతము. ఆ నంబరును లేనివారు తప్పక రండు.